పది మీటర్ల దూరంలో మా మావ

పిస్తోలు పట్టుకోవాలన్న సరదా నాకు ఏనాడూ లేదు. విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాను నేను. రబ్బరు స్టాంపు, స్టేప్లరు తప్ప నా చేతిలో మరో ఆయుధాన్ని చూసినవాళ్లు లేరు. ఆ ఏడాది మా కాలేజీకి కొత్తగా వచ్చిన వ్యాయామం మాస్టారు ఉత్సాహవంతుడు. వెనకాల పాడుబడిన ప్రయోగశాల షెడ్డును కడిగించి, చివరి గోడకి చెక్కపలకలు కొట్టించి, దాన్ని షూటింగ్ నేర్పే చోటు చేశాడు. రెండు ఎయిర్ పిస్తోళ్లు తెప్పించాడు. వాటిలో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును తోస్తాయి, అంతే. అనుమతుల కాగితాలన్నీ నా బల్ల మీంచే కదిలాయి గనక ఒక సాయంత్రం ఆయన వచ్చి, "కాగితం మీద ఇన్నాళ్లు చూశారు కదా సార్, ఒకసారి చేత్తో కూడా పట్టుకోండి" అని నన్ను లాక్కెళ్లాడు.

వెళ్లకుండా ఉండాల్సింది. నా వల్ల ఒక మనిషికి జరిగిన నష్టానికి మొదలు అక్కడే.

పిస్తోలు కిలో దాకా ఉంటుంది. కిలో బెండకాయలు రోజూ మోసే చెయ్యే, కానీ చాచి పట్టుకునేసరికి కాసేపట్లో వణుకు మొదలైంది. మాస్టారు ముందు నియమాలు చెప్పాడు. గొట్టం ఎప్పుడూ గోడవైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు మీట మీదికి రాకూడదు, వెనక్కి తిరిగి మాట్లాడకూడదు. పిస్తోలు వెనక భాగంలో ఒక గాడి ఉంది, ముందు కొసన ఒక చిన్న దిమ్మ. గాడి మధ్యలో దిమ్మ కుదురుగా కూర్చోవాలి, ఆ దిమ్మ ఎదర కాగితం మీది నల్ల చుక్క కింద నిలబడాలి. కాగితం పది మీటర్ల దూరంలో ఉంది. చుక్క చిన్న అప్పడమంత. దాని నడిమధ్య పది మార్కుల చోటు సెనగ గింజంత.

మొదటి గుండు కాగితానికే తగల్లేదు. రెండోది ఒక మూలకి తగిలింది. మూడోది పక్క కాగితానికి తగిలితే, దాని ముందు నిలబడ్డ కుర్రాడు నాకు థాంక్స్ చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఈ పిస్తోలు కొంచెం ఎడమకి లాగుతోందండీ" అన్నాను.

మాస్టారు నవ్వలేదు. "మీరు ఎటు చూస్తున్నారు?" అని అడిగాడు.

"చుక్కనే."

"అదే తప్పు. చుక్కని చూడకండి. ఈ ముందు దిమ్మని చూడండి. దిమ్మ స్పష్టంగా కనబడాలి, చుక్క మసగ్గా కనబడాలి. మనిషి కన్ను దగ్గరదాన్నీ దూరందాన్నీ ఒకేసారి చూడలేదు సార్. దూరందాన్ని వదిలేసుకోవాలి."

వదిలేసుకోవడం నా వల్ల కాలేదు. వారం రోజులు వెళ్లాను, వారం రోజులూ నా కన్ను దిమ్మను దాటి చుక్కమీదికి పరుగెత్తింది. దానికి కారణం నాకు తెలుసు. నేను కళింగపట్నంలో చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టాను. మావాళ్లకి సముద్రంలో తోవ చెప్పే బోర్డులుండవు. నీళ్ల మీద ఎక్కడున్నామో ఒడ్డును చూసి తెలుసుకోవాలి. దగ్గర్లో లైట్ హౌస్, దాని వెనకాల దూరంగా శాలిహుండం కొండ. ఈ రెండూ ఒక వరుసలోకి వచ్చి, రెండో పక్క మరో జత గుర్తులు కూడా వరుసలోకి వస్తే కింద రాతిగట్టు ఉన్నట్టు. రాతి పక్కన వల వేస్తే చేప పడుతుంది. రాతి మీద వేస్తే వల చిరుగుతుంది. ఆ రెంటికీ మధ్య తేడా కొన్ని బారలే.

ఈ విద్య నాకు నేర్పబోయినవాడు మా మావ. మా అమ్మకి అన్న, తర్వాత తన కూతుర్ని నాకిచ్చిన మావ కూడా ఆయనే. పన్నెండేళ్ల వయసులో నన్ను పడవ ముందు నిలబెట్టి, "దగ్గరిది సూడకురా అల్లుడు. దూరందే సూడు. దగ్గరిది దానంతటదే వరసలోకి వస్తాది" అన్నాడు. నేను దూరాన్ని చూస్తూ చూస్తూ కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మూడుసార్లు తీసుకెళ్లాడు, మూడుసార్లూ అదే కథ. నాలుగోసారి బడికి పోతానని మా అమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ మా పేటలో నన్ను గుర్తుపట్టాలంటే కక్కుకున్నోడనే చెబుతారు.

ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం, రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ ఏడాది ఆ రోజుల్లో మావ మా ఇంటికొచ్చాడు. అత్త పోయి అప్పటికి మూడేళ్లు. ఒడ్డున ఖాళీగా కూర్చోలేక కూతురి దగ్గర కొన్నాళ్లుందామని వచ్చినా, వచ్చిన మర్నాటికే ఆయనకి విసుగు పుట్టింది. "ఏటే ఈ ఊరు, ఎటు సూసినా గోడలే" అని మా ఆవిడతో గొణుగుతూ వాకిట్లో కూర్చుని, తెచ్చుకున్న పాత వలముక్కకి కన్నాలు పూడ్చుకునేవాడు. అరవై అయిదు దాటినా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేవాడు. వీధిలో ఆడవాళ్లు తమ సూదులు కూడా తెచ్చి ఇచ్చేవాళ్లు. "మా నాన్న కళ్లు సూడు బావ, నీకు నలభై అయిదుకే జోడొచ్చింది" అని మా ఆవిడ దెప్పేది. నేనూ ఒప్పుకునేవాణ్ణి.

సముద్రంలో ఆయన మాటకి తిరుగులేదు. పడవ ఆయనదీ, మా అత్త తమ్ముడిదీ సగం సగం. వరస ప్రకారం ఆ తమ్ముణ్ణి నేను చిన్నాన్న అంటాను. పడవ నడిపేది చిన్నాన్న, ముందు నిలబడి వల ఎక్కడ వేయాలో చెప్పేది మావ. చుట్టుపక్కల పడవలవాళ్లు ఫోనుల్లో జీపీఎస్ పెట్టుకుని గుర్తులు దాచుకుంటుంటే, మావ పడవలో అది ఉండేది కాదు. "ఆ డబ్బాకి సేప వాసన తెలస్తాదేటి" అనేవాడు. పడవలో పనిచేసే కళాసీలు నవ్వేవాళ్లు గానీ ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

ఆయన విసుగు చూడలేక ఒకరోజు షెడ్డుకి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, నా చేతకానితనం చూసి నవ్వుకుంటాడని తీసుకెళ్లాను. బయల్దేరుతుంటే మా ఆవిడ, "పిచ్చోడి సేతిలో రాయిలాగ నీ సేతికి అది ఎవులిచ్చారు బావ" అంది.

మాస్టారు బూట్లు వేసుకోమంటే మావ వద్దన్నాడు. వట్టి కాళ్లతో గచ్చు మీద పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక లుంగీ ముడిలో దోపుకున్నాడు. మాస్టారు చెప్పినవన్నీ తలూపుతూ విన్నాడు. పిస్తోలు ఎత్తితే అది మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. యాభయ్యేళ్లు ఊగే పడవ మీద నిలబడ్డ మనిషికి కదలని గచ్చు ఒక లెక్క కాదు.

మొదటి గుండు చుక్క అంచులో దిగింది. తర్వాతవి లోపలికి జరిగాయి. ఎనిమిది, తొమ్మిది, మళ్లీ తొమ్మిది, పది. మాస్టారు కాగితం తెచ్చి కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు, మావ వైపు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. వేసవి శిక్షణకి వచ్చిన పిల్లలంతా చుట్టూ మూగారు.

"పెద్దాయనా, మీకు ఎలా కనబడుతోంది? ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని అడిగాడు మాస్టారు.

మావ పిస్తోలు జాగ్రత్తగా కింద పెట్టాడు. తర్వాత, "ఈ ముందు దిమ్మ సక్కగా ఉన్నాది బాబు. ఆ ఎదరది... నల్లగా ఏటో అలికినట్టు ఉన్నాది" అన్నాడు. తప్పు ఒప్పుకుంటున్నవాడిలా గొంతు తగ్గించి చెప్పాడు.

"అలాగే ఉండాలి. సరిగ్గా అలాగే ఉండాలి" అన్నాడు మాస్టారు. పిల్లలవైపు తిరిగి, "విన్నారా? నెల రోజులుగా మీకు నేను చెప్పేది అదే" అన్నాడు.

"అలగే ఉండాలేటి?" అన్నాడు మావ.

"అలాగే."

మావ మరోసారి అడిగాడు, మాస్టారు మరోసారి చెప్పాడు. మావ మొహం వెలిగిపోయింది. కాల్చినందుకు సంతోషమనుకున్నాను. రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక దాచుకున్నదాన్ని ఒక చదువుకున్న మనిషి 'అలాగే ఉండాలి' అన్నాడని ఆయన మొహం వెలిగిందని ఆ రోజు నాకు తోచలేదు.

రెండో రోజూ వెళ్లాం. మూడో రోజు సాయంత్రం, మావ చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లినప్పుడు, మాస్టారు నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, ఇందాక ఆయన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, కాలేజీ గేటు దగ్గర ఎంతమంది ఉన్నారో చెప్పమన్నాను. చెప్పలేకపోయారు. గేటే సరిగ్గా కనబడటం లేదు ఆయనకి. మా నాన్నకి ఇలాగే అయింది. శుక్లం వస్తుంటే కొంతమందికి దగ్గర చూపు బాగుపడినట్టుంటుంది, దూరం పోతుంది. ఒకసారి డాక్టరుకి చూపించండి. చిన్న ఆపరేషను."

నేను అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో జోరీగలా తిరుగుతుంది. "ఆపరేషన్ చేస్తే మళ్లీ ఇలాగే కాల్చగలడాండీ?" అన్నాను.

మాస్టారు నా మొహంలోకి వింతగా చూశాడు. "చెప్పలేం. దూరం బాగుపడితే ఈ దిమ్మ మసకబారొచ్చు. అయినా ఆయన పని సముద్రం మీద కదా సార్" అన్నాడు.

"చూపిస్తానండీ. ఆ పోటీ ఒకటి అవనివ్వండి" అన్నాను.

పోటీ అంటే పెద్దదేం కాదు. పొద్దున్నే మా కాలేజీ మైదానంలో నడిచే రిటైరయిన పెద్దమనుషులు కొందరు షెడ్డుకి వస్తుండేవాళ్లు. అరవై దాటినవాళ్లకి సరదాగా మే మధ్యలో ఒక పోటీ పెడదామని అనుకున్నారు. మావ దాంట్లో గెలుస్తాడని అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా నాకు కావాలి అది. ఎందుకంటే ఆ మూడు రోజుల్లోనే నా బతుకు మారిపోయింది. ప్రిన్సిపాలు నన్ను ఆపి "మీ మావగారు ఎలా ఉన్నారు" అని అడుగుతున్నాడు. ఎప్పుడూ పలకరించని లెక్చరర్లు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడుతున్నారు. సముద్రం మీద కక్కుకున్న కుర్రాడు మొదటిసారి మావ పక్కన తలెత్తుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటాన్ని ఒక ఆపరేషను చెడగొడుతుందని భయపడ్డాను. చుక్క కనబడకపోవడానికీ కొండ కనబడకపోవడానికీ ముడి పెట్టడం నాకు తట్టలేదని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ రాత్రే తట్టింది. పక్కకి తిరిగి పడుకున్నాను.

మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెబితే మర్నాడు పొద్దున్నే తండ్రి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరేది.

మే నెల ఎండలకి పోటీ వాయిదా పడింది. ఒకసారి కాదు, రెండుసార్లు. చివరికి జూన్ మొదట్లో ఒక ఆదివారం పొద్దున పెట్టారు. మావ గెలిచాడు. మెడలో దండ వేశారు, శాలువా కప్పారు. కొత్త చొక్కాకి బొత్తాములు తప్పు పెట్టుకుని, ఇబ్బందిగా నవ్వుతూ నిలబడ్డాడు. అప్పటికి వేట మొదలవడానికి పట్టుమని పది రోజుల్లేవు. పడవకి రంగు వేసుకోవాలి, వలలు సర్దుకోవాలి అని మావ ఆ సాయంత్రమే బస్సెక్కేశాడు. "వర్షాలు తగ్గాక చూపిద్దాం లే" అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పడవలు మళ్లీ నీళ్లలో దిగే రోజు మా పేటలో పండగే. గంగమ్మ తల్లికి పూజ చేస్తారు, పడవ ముక్కుకి పసుపు రాసి బొట్లు పెడతారు. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పూజయ్యాక కళాసీలంతా ఇసకలో కూర్చుని కొబ్బరిముక్కలు నములుతున్నారు. చిన్నాన్న కూడా అక్కడే ఉన్నాడు. మావ కొంచెం ఎడంగా పడవ దగ్గర తాళ్లు సరిచూసుకుంటున్నాడు. ఎవరో "ఏటి, మీ మావ తుపాకీ పేల్చినాడంట?" అన్నారు. అంతే, నాకు మాటలు దొరికాయి.

గోరంతని కొండంత చేసి చెప్పాను. అసలు సొగసంతా చివర ఉంది గదా, అక్కడికి వచ్చాను. "మాస్టారు, చుక్క మసగ్గా కనబడాల అన్నాడు. పట్నం పిల్లలు నెల రోజులు కొట్టుకున్నా వాళ్లకి మసక రాలేదు. మావ నిలబడగానే, నాకు ఎప్పుడూ మసకే గదా బాబు అన్నాడు" అని చెప్పాను. మావ 'ఎప్పుడూ' అనలేదు. ఆ మాట నవ్వు కోసం నేను కలిపాను. కానీ నిజం అదే.

అందరూ నవ్వారు, చిన్నాన్న తప్ప.

"ఆ కాయితం ఎంత దూరంలో ఉన్నాది?" అని అడిగాడు.

"పది మీటర్లు. ఇక్కడ్నించి ఆ వలల కుప్ప దాకా ఉంటుంది" అన్నాను.

చిన్నాన్న వలల కుప్ప వైపు చూశాడు. పక్కనున్న కళాసీ నవ్వు ఆపేశాడు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత తెలిసింది, అంతకుముందు చలికాలంలో వాళ్ల కొత్త వల రాతిగట్టు మీద పడి మొత్తం పోయిందట. నీటిపోటు లాగేసిందన్నాడట మావ. ఇంకోరోజు పడవే రాతికి రాసుకుందట. అప్పుడు పొగమంచన్నాడట. రెండేళ్లుగా మావ పడవ ముందు నిలబడి, "ఒరే, కొండ ఎక్కడున్నాదో సెప్పండిరా, ఎవుడి కళ్లు ఎంత సురుకో సూద్దాం" అని పందెం పెట్టేవాడట. కుర్రాళ్లకి పని నేర్పుతున్నాడనుకున్నారట అందరూ. ఇదంతా ఇసకలో కూర్చున్న ఆ నిమిషంలో వాళ్ల మనసుల్లో తిరిగి ఉంటుంది. నాకేమీ తెలియదు. నేను ఇంకో కొబ్బరిముక్క తీసుకున్నాను.

చిన్నాన్న లేచి పడవ దగ్గరికి నడిచాడు. వెనకాలే మేమూ వెళ్లాం.

"బావ, అదిగో అటు వస్తన్నాది, ఎవుల బోటు అది?" అని సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

మావ తాడు వదిలి తలెత్తాడు. కళ్లు చికిలించి చూశాడు. చెవి కూడా అటు పెట్టాడు. "పక్క పేటోలదిలాగ ఉన్నాది" అన్నాడు.

సముద్రం మీద ఏ పడవా లేదు.

ఎవరూ మాట్లాడలేదు. అలల మీద ఎండ తళతళలాడుతోంది. మావకి ఆ నిశ్శబ్దం అర్థమైంది. అర్థమైనట్టు ఆయన చేతుల్లో కనబడింది. వదిలేసిన తాడు మళ్లీ తీసుకుని, ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

చిన్నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపిష్టి మనిషి కాదు ఆయన. "ఎన్నాళ్లనించి బావ?" అని మాత్రం అడిగాడు. మావ ముడి మీదే చూపు పెట్టాడు. "బోటులో నీ సగం నీదే బావ, ఎవులూ కాదనరు. కానీ ముందు నువ్వు నిలబడకు. ఆరుగురు మనుసులు ఎక్కుతన్నారు దానిమీద" అన్నాడు చిన్నాన్న.

ఆయనన్నదాంట్లో ఒక్కమాట తప్పు లేదు. ఇప్పటికీ తప్పు పట్టలేను. మావ కాసేపటికి, "ఈళ్లకి ఎవులు సెప్పినారు?" అన్నాడు ఎవరినీ చూడకుండా. నేను గొంతు సవరించుకున్నాను. ఆ చప్పుడు వైపు తల తిప్పి, నన్ను గుర్తుపట్టి, మళ్లీ తాడు వైపు తిరిగాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పూట పడవ మావ లేకుండానే నీళ్లలో దిగింది.

విజయనగరం తిరిగొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడుతూ అడిగింది. "నాన్నకి సూపు తగ్గిందని నీకు ముందు తెలుసా బావ?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "నాకేం తెలుసు, నాకూ అప్పుడే తెలిసింది" అన్నాను. ఆమె నమ్మింది. నమ్మడం వల్లే ఆ అబద్ధం మరీ బరువెక్కింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ నెలలోనే శ్రీకాకుళం తీసుకెళ్లి ఒక కంటికి, తర్వాత నెల రెండో కంటికి ఆపరేషను చేయించాం. పావుగంట పని. కట్టు విప్పాక మావ మొదట కూతుర్ని చూశాడు. "ముసలిదానివైపోనావేటే" అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. సూదిలో దారానికి ఇప్పుడు జోడు కావాలి. కానీ కళింగపట్నం ఒడ్డున నిలబడితే కొండ మీది చెట్లు విడివిడిగా కనబడుతున్నాయన్నాడు. నా గుండెల మీద బరువు దిగిపోయింది. అంతా సర్దుకున్నట్టే అనుకున్నాను.

చిన్నాన్న సంతోషంగానే మావని మళ్లీ పడవెక్కించుకున్నాడు. కానీ అప్పటికి పడవలో జీపీఎస్ వచ్చేసింది. మావ లేని రెండు నెలల్లో వాళ్లు దానికి అలవాటు పడ్డారు. చేపలు బాగానే పడ్డాయి, ఒక్క వలా పోలేదు. మావ ముందు నిలబడి కొండ చూసి చెప్పాడట. కుర్రాళ్లు "సరే పెదనాన్నా" అని, వెంటనే ఫోను తీసి చూసుకున్నారట. రెండూ కలిశాయి. మర్నాడూ కలిశాయి. మూడో రోజు మావ చెప్పకముందే వల వేసేశారు. ఎవరూ అమర్యాద చేయలేదు. మావ తనంతట తనే మానేశాడు. ఎందుకు మానేశావని నేను ఫోనులో అడిగితే, "నేను సెప్పింది నిజమా కాదా అని ఆళ్లు సూసుకుంతన్నార్రా. సూసుకోవాల గదా మరి" అన్నాడు. యాభయ్యేళ్లలో ఆయన మాటని ఎవరూ సరిచూసుకోలేదు.

చలికాలం మొదట్లో కళ్లు మరోసారి చూపించుకుని, మా ఇంట్లో నాలుగు రోజులుందామని వచ్చాడు. ఒక సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి కాలేజీ దాకా నడిచొచ్చాడు. గేటు దగ్గర మాస్టారు ఎదురుపడ్డాడు. ఆప్యాయంగా రెండు చేతులూ పట్టుకుని, "ఎలా ఉంది పెద్దాయనా చూపు? మంచిపని చేశారు. నేను మే నెలలోనే చెప్పాను సార్‌కి, ఆలస్యం చేయొద్దని" అన్నాడు. మాస్టారికి ఏమీ తెలియదు. షెడ్డుకి మళ్లీ రమ్మని పిలిచి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

మేమిద్దరం ఇంటివైపు నడిచాం. రెండు వీధులు దాటాం. నేను మార్కెట్లో చేపల రేట్ల గురించి ఏదో వాగుతున్నాను.

"ఆ మేష్టరు నీకు ఎప్పుడు సెప్పినాడురా?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. "మనం వెళ్లిన మూడో రోజు" అన్నాను.

"అప్పటికి వేట మొదలవడానికి ఎన్నాళ్లున్నాది?"

"నెల పైన."

మావ తలూపాడు. రోడ్డు దాటడానికి నా మోచెయ్యి పట్టుకోలేదు. అటూ ఇటూ చూసుకుని తనే దాటాడు. అవతలి పక్క నాకోసం ఆగి, "అయితే టైముండేది" అన్నాడు.

కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ఇంత ఆలిస్యం ఏటి నాన్నా?" అని అడిగింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆగిపోయాను. "ఆ మేష్టరు కనబడినాడే. మంచోడు, నిలబడి మాటాడినాడు" అని కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు చెప్పలేదు. తర్వాత కూడా కూతురికి ఆయన ఆ సంగతి చెప్పలేదు. రెండేళ్లయింది. ఇవాళ నేనే రాశాను. అప్పుడప్పుడు పత్రికలకి నేను రాసే కథలు అచ్చుకి పంపేముందు మా ఆవిడే చదివి తప్పులు దిద్దుతుంది. కాగితాలు ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను.